కుడి చేతి కొలత

“ఇది ఎవరికి?” అని మా అమ్మాయి మూడోసారి అడిగింది.

మా కోడలు ఆఫీసుకి తయారై, ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

భోజనాల బల్ల మీద బూడిదరంగు స్వెట్టరు వీపు భాగం పరిచి ఉంది. దాని పక్కన రెండు చేతులు, ఇంకా సూది మీదే ఉన్నాయి. వాటి పక్కన ఒక చీటీ. ఛాతీ నలభై, పొడవు ఇరవై ఆరు, చెయ్యి పంతొమ్మిది. మగవాడి కొలతలు.

మా అబ్బాయి పోయి పదకొండు నెలలైంది. వాడి బీరువా తెరవడానికి నాకు చేతులు రావడం లేదని మా అమ్మాయిని నేనే రమ్మన్నాను. అది వచ్చిన మూడో రోజున, బీరువా వెనకాల దాచిన గుడ్డ సంచి దొరికింది.

“శనివారం శనివారం కంప్యూటర్ క్లాసన్నావు,” అంది మా అమ్మాయి. “కంప్యూటర్‌లో ఊలు కూడా వస్తోందా ఈమధ్య?”

“వదినా, బస్సుకి టైమవుతోంది.”

“ఈ బస్సు పోతే ఇంకో బస్సు. ఛాతీ నలభై అని రాసుంది. ఈ ఇంట్లో నలభై ఎవరికమ్మా? మా అమ్మకా?”

“నెమ్మదిగా మాట్లాడు,” అన్నాను.

“నెమ్మదిగానే అడుగుతున్నాను. గట్టిగా అడగడం నీకింకా చూపించలేదు.”

మా కోడలు తొడుక్కున్న చెప్పు విడిచింది. లోపలికి వచ్చి, బల్ల మీది చీటీని తీసుకుని, మడత పెట్టింది.

“ఆయనకి,” అంది.

“ఎవరాయన?”

“నాకు ఎంతమంది ఆయనలున్నారు వదినా? మీ తమ్ముడికే.”

వంటింట్లో కుళాయి సరిగా కట్టలేదు. ఆ చుక్కల చప్పుడు వినిపించింది.

మా అమ్మాయి కుర్చీలో కూలబడింది. దానికి కోపం ఎంత తొందరగా వస్తుందో ఏడుపూ అంత తొందరగా వస్తుంది. “చెప్పొచ్చు కదే పిచ్చిదానా,” అంది. “ముందే చెప్పొచ్చు కదా.”

“చెబితే ఏమంటారు? పోయిన మనిషికి స్వెట్టరేమిటి అంటారు.”

“అనను.”

“ఇప్పుడు అనరు.”

మా కోడలు రెండు చెప్పులూ తొడుక్కుని వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు చెయ్యలేదు. మా కోడలు ఎప్పుడూ తలుపు మెల్లగానే వేస్తుంది. ఆ రోజు అది కూడా నాకు అనుమానంగా కనిపించింది.

ఎందుకంటే అప్పటికే నేను ఆ స్వెట్టరు చేతులు చూశాను.

రెండు చేతులూ ఒకే పొడవాటి సూది మీద ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఊలు ఉండ. మణికట్టు దగ్గర మొదలై చంక దాకా అయిపోయాయి. నేను వాటిని ఒకదాని మీద ఒకటి వేసి, అంచులు సరిచేశాను. అంచుకు అంచు కలిసింది. ఒక్క వరస కూడా తేడా లేదు.

మా అబ్బాయికి ఆ కొలత సరిపోదు.

వాడికి తొమ్మిదేళ్ళప్పుడు బడి గోడ మీద నుంచి పడ్డాడు. అదే బడిలో, ఆ గోడకు ఇవతలి గదిలో, నేను నాలుగో తరగతికి భాగహారం చెబుతున్నాను. కుడి చెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, ఆ చెయ్యి మిగతా ఒంటితో పాటు ఎదగలేదు. వాడికి పద్నాలుగేళ్ళు వచ్చేసరికి అది ఎడమ చేతికన్నా ఒక అంగుళం పొట్టి. చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మరీ ముఖ్యంగా, అక్కకి చెప్పొద్దన్నాడు.

చెప్పలేదు. వాడికి అల్లిన ప్రతి స్వెట్టరుకీ కుడి చెయ్యి ఒక అంగుళం తగ్గించి అల్లాను. ఆ తగ్గింపు మణికట్టు దగ్గర కాకుండా మోచేతి పైన పడేలా చూసేదాన్ని. తొడుక్కుంటే రెండు చేతులూ ఒక్కలాగే ఉండేవి. పెళ్ళికి ముందు ఒకసారి అడిగాను, చేసుకోబోయే అమ్మాయికి చెప్పావా అని. చెప్తాలే అమ్మా అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఆరేళ్ళు కలిసి కాపురం చేసిన మనిషికి అది తెలియకుండా ఉంటుందా? ఉండదనుకున్నాను. తెలిసిన మనిషి రెండు చేతులూ సమానంగా అల్లదు. అల్లిందంటే అది వేరే మనిషి కొలత.

మా అమ్మాయి ముఖం కడుక్కుని వచ్చింది. “పాపం దాన్ని అనవసరంగా అన్నాను,” అంది. “సాయంత్రం రాగానే నేనే సర్దిచెప్తాను.”

నేను ఊరుకుని ఉండవలసింది. ముప్ఫై మూడేళ్ళుగా పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాను. తప్పు కనిపిస్తే చెయ్యి ఆగదు.

“అది తమ్ముడి కొలత కాదు,” అన్నాను.

మా అమ్మాయి తుడుచుకుంటున్న తువ్వాలు కిందికి దించింది.

“నీకెలా తెలుసు?”

“వాడికి పాతికేళ్ళు అల్లాను. నాకు తెలుసు.”

ఎందుకో చెప్పలేదు. అదీ అడగలేదు. నా మాట మీద దానికి అంత నమ్మకం. పదినిమిషాల తర్వాత పెరట్లో నిలబడి, మా కోడలి అన్నయ్యకు ఫోన్ చేస్తోంది. “మీరొకసారి వచ్చి మీ చెల్లెల్ని తీసుకెళ్ళండి,” అనడం నాకు కిటికీలోంచి స్పష్టంగా వినిపించింది. కిటికీలోంచే వద్దనవచ్చు. అనలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ముగ్గురం భోంచేశాం. ఉప్పు అందించమని కూడా ఎవరూ ఎవరినీ అడగలేదు.

*

మర్నాడు బడికి సెలవు పెట్టాను. పర్సులో, మా కోడలి సంచిలోంచి తీసిన, ఊలు ఉండకి చుట్టిన కాగితం పట్టీ ఉంది. దాని మీద రంగు నంబరు, గొర్రె బొమ్మ, సగం చిరిగిన కొట్టు ముద్ర.

గుడ్డల కొట్లన్నీ ఒకే వీధిలో ఉన్నాయి. మొదటి కొట్లో తానులు నేల నుంచి కప్పు దాకా నిలబెట్టి ఉన్నాయి. కొట్టాయన ఒక తాను బల్ల మీద వేసి దొర్లించాడు. ఆ చప్పుడు నాకు బాగా పరిచయం. పిల్లలకు బట్టలు కుట్టే రోజుల్లో నెలకోసారైనా వినేదాన్ని.

“ఊలా?” అన్నాడాయన. “మా దగ్గర గుడ్డేనండి. ఊలు కావాలంటే ముందుకెళ్ళండి.”

రెండో కొట్లో గుండీలు, లైనింగు గుడ్డలు, జిప్పులు. మూడో కొట్లో ఊలు ఉంది. అక్కడి పెద్దాయన కాగితం పట్టీ చదవలేదు. దానికి అంటుకుని ఉన్న చిన్న పోగును రెండు వేళ్ళ మధ్య నలిపి, కొంచెం లాగి, వదిలాడు.

“మాది కాదమ్మా. ఇది మంచి ఊలు. ఉతికినా సాగదు. సందు చివర, మేడ మీద ఆవిడ అమ్ముతుంది. కొనడానికి వెళ్తే కొనేసి రండి. కూర్చోమంటే మాత్రం కూర్చోకండి.”

“ఎందుకని?”

“కూర్చున్నవాళ్ళు లేవరు. మా ఇంటావిడ వారానికి రెండు రోజులు అక్కడే. నా కొట్లో ఊలు పెట్టుకుని పక్క కొట్లో కొంటోంది.”

మేడ మీద పెద్ద గది. మూడు గోడలకూ గూళ్ళు, గూళ్ళ నిండా ఊలు. ముదురు రంగులు కిందా, లేత రంగులు పైనా సర్దారు. మధ్యలో పొడవైన బల్ల, చుట్టూ ఎనిమిది కుర్చీలు. అయిదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కొట్టు నడిపే ఆవిడ మెడలో కళ్ళద్దాలు ఎర్ర ఊలు దారంతో వేలాడుతున్నాయి. అందరూ ఆమెను అక్కా అంటున్నారు.

“కొత్తవాళ్ళ క్లాసు ఇదేనా?” అన్నాను.

“ఇదే. ఎప్పుడైనా సూదులు పట్టుకున్నారా?”

“చిన్నప్పుడు.”

అబద్ధం కాదు. చిన్నప్పుడు కూడా పట్టుకున్నాను.

ఆమె నాకు రెండు సూదులు, తెల్ల ఊలు ఉండ ఇచ్చి ఇరవై కుట్లు ఎక్కించమంది. కావాలని నెమ్మదిగా ఎక్కించాను. రెండు కుట్లు వదిలేశాను కూడా. నా పక్కన కూర్చున్నామె సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం మీదే ఉంది.

“భయపడకండి,” అంది నాతో. “నేను మొదటి వారం మఫ్లర్ మొదలుపెట్టాను. ఇప్పుడది గరిటె తొడుగయింది. మా ఆయన మెడకి కాకపోయినా గరిటెకి చలి వెయ్యదు.”

“మీరు మాట్లాడుతూ అల్లుతారు, అందుకే వెడల్పు పెరుగుతూ పోతుంది,” అంది అక్క.

“టికెట్లు కొడుతూ మాట్లాడే అలవాటు అక్కా. మాట ఆగితే చెయ్యి ఆగుతుంది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో నవ్వాననిపించింది, వెంటనే ఇక్కడికి ఎందుకొచ్చానో గుర్తొచ్చింది. బల్ల కింద పర్సు తెరిచి కాగితం పట్టీ తీశాను.

“ఈ రంగు ఇంకా ఉందా?”

అక్క కళ్ళద్దాలు పెట్టుకుంది. “బూడిద రంగు. మొత్తం ఒకమ్మాయి తీసుకుపోయింది. శనివారం క్లాసులో ఉంటుంది. మీకెలా దొరికింది ఈ పట్టీ?”

“బస్సులో,” అన్నాను.

“మా బస్సులో ఏదైనా దొరుకుతుంది,” అంది కండక్టరు.

“వాళ్ళాయనకి అల్లుతోంది,” అంది అక్క. “బంగారం లాంటి అమ్మాయి. ఆయన చలికి తట్టుకోలేడట. పొద్దున లేచి కాళ్ళు నేల మీద పెట్టడట, చాప కావాలట. ఏం తింటాడు, ఎలా కసురుకుంటాడు, ఎప్పుడూ ఆయన కబుర్లే. వచ్చే శనివారం మాకు తొడిగి చూసే రోజు. ఎవరికి అల్లారో వాళ్ళని తీసుకొచ్చి అందరి ముందూ తొడగాలి. నేను పెట్టిన పద్ధతి అది. ఆయన ఊళ్ళో లేరు, రాగానే ఒక రోజు తీసుకొస్తానంది.”

చాప సంగతి నిజమే. వాడు నేల మీద కాలు పెట్టేవాడు కాదు.

మూడు గంటల పాటు, వారానికొక రోజు, ఈ గదిలో మా అబ్బాయి బతికే ఉన్నాడు. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు గనక. మా కోడలు మాకు చెప్పకపోవడానికి కారణం అంతకన్నా వెతకనక్కరలేదు. కానీ నేను అల్లిక చూసి వచ్చినదాన్ని. ఆ రెండు చేతులు ఇంకా నా కళ్ళ ముందే ఉన్నాయి.

“కొలత ఎలా తీసుకుంది?” అన్నాను.

“అదే మీకు ఇవాళ చూపించబోతున్నాను.” అక్క గూట్లోంచి ఒక కవరు తీసింది. “అందరూ ఇటు చూడండి. వేరు వేరుగా చేతులు అల్లితే ఏమవుతుందో చూపిస్తాను. ఇది ఆ అమ్మాయి కొలత కోసం తెచ్చిన పాత స్వెట్టరు.”

కవర్లోంచి నీలం స్వెట్టరు బయటికి వచ్చింది.

నేను అల్లిందే. వాడి ఉద్యోగం మొదటి సంవత్సరంలో. మెడ దగ్గర రెండు వరసలు తెల్లగా ఉంటాయి, నీలం ఊలు చాలక.

అక్క దాన్ని బల్ల మీద పరిచి, రెండు చేతులూ మధ్యకు మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టింది. “చూశారా? కుడి చెయ్యి అంగుళం తక్కువ. అల్లినావిడకి చెయ్యి మంచిది, కుట్లు ముత్యాల్లా ఉన్నాయి. లెక్క మాత్రం రాదు. ఒక చెయ్యి ఈ నెల అల్లి, ఇంకో చెయ్యి వచ్చే నెల అల్లితే ఇంతే. అందుకే నేను రెండు చేతులూ ఒకే సూది మీద వేయిస్తాను. ఒక వరస ఇక్కడ అల్లితే ఒక వరస అక్కడ. తప్పు చేద్దామన్నా కుదరదు.”

స్వెట్టరు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరిగింది. ఒకామె కొలిచి చూసింది. ఒకామె లాగి చూసింది. కండక్టరు దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ పట్టుకుని పైకెత్తింది.

“ఇది మా బస్సులో రాడ్డు పట్టుకుని వేలాడేవాడికి సరిగ్గా సరిపోతుంది,” అంది. “ఒక చెయ్యి సాగుంటుంది కదా.”

ఈసారి అందరూ గట్టిగా నవ్వారు.

“ఆ అమ్మాయి కూడా నవ్వింది,” అంది అక్క. “మా అత్తగారు అల్లారండీ, టీచరు, ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పడతారు, ఇది ఎలా వదిలేశారో అంది. ఆయన పాపం ఆరేళ్ళూ ఏమీ అనకుండా తొడుక్కున్నాడట, అమ్మ నొచ్చుకుంటుందని. ఒక్కసారైనా సరిగ్గా ఉన్నది తొడుక్కోవాలండీ ఆయన, అంది.”

స్వెట్టరు నా చేతికి వచ్చింది. మోచేతి పైన నేను తగ్గించిన వరసలు వేళ్ళకు తెలిశాయి.

“తప్పు కాదేమో,” అన్నాను.

“మరి?” అంది అక్క.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు చూశారు. స్వెట్టరును మడిచి, పక్కామెకు ఇచ్చాను.

*

ఇంటి ముందు కారు ఆగి ఉంది. వరండాలో మా కోడలి పెట్టె ఉంది. పెళ్ళయి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టె అదే.

ఆమె అన్నయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదస్థుడు. కోపం వచ్చినా లేచే నిలబడతాడు.

“అత్తయ్యగారూ, మీకోసమే ఆగాం. చెప్పకుండా వెళ్ళడం బాగుండదని.”

“కూర్చో బాబూ.”

“కూర్చోవడానికి రాలేదండి. మా చెల్లెలు తప్పు చేసిందని మీ అమ్మాయి అంటోంది. మీరే అన్నారట. మీరు అన్నారంటే ఆలోచించే అని ఉంటారు.”

మా కోడలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

“నేను పొరపాటుపడ్డాను,” అన్నాను.

“ఏంటమ్మా?” అంది మా అమ్మాయి.

“అది వాడి కొలతే. నేను కొట్టుకి వెళ్ళి కనుక్కొచ్చాను.”

మా కోడలు ఇటు తిరిగింది. “కొట్టుకి వెళ్ళారా?”

“వెళ్ళాను.”

“ఏం చెప్పారు అక్కడ?”

“ఏమీ చెప్పలేదు. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.”

ఆమె ఊపిరి పీల్చుకోవడం కనిపించింది. అప్పుడు ఆపేసి ఉంటే సరిపోయేది. కానీ మా అమ్మాయి వదలలేదు.

“మరి నిన్న వాడి కొలత కాదని అంత గట్టిగా ఎలా చెప్పావు? నేను ఫోన్ చేసింది నీ మాట పట్టుకునే కదా. ఇప్పుడు అందరి ముందూ నేనొక్కదాన్నే చెడ్డదాన్నా?”

అందరూ నా మాట కోసం ఆగారు. మా కోడల్ని ఇంట్లో ఉంచుకోవాలంటే చెప్పాల్సిందే. వాడు నేల మీద కాలు పెట్టడని, కసురుకుంటాడని, వాడి గురించి ఉన్నాడన్నట్టు మాట్లాడే మనిషి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే.

“చేతులు రెండూ సమానంగా ఉన్నాయి,” అన్నాను. “వాడికి కుడి చెయ్యి ఒక అంగుళం పొట్టి. చిన్నప్పుడు విరిగాక ఎదగలేదు. ఆ నీలం స్వెట్టరు నేను తప్పు అల్లలేదమ్మాయీ. అలాగే అల్లాను. నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. తెలిసి కూడా సమానంగా అల్లావంటే వేరెవరికో అనుకున్నాను. అంతే జరిగింది.”

ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. తర్వాత తన ఎడమ భుజం మీద తన చెయ్యి వేసుకుంది. అక్కడ ఇంకో చెయ్యి ఎంతవరకు వచ్చేదో చూసుకుంటున్నట్టుగా.

“కుడిదా?” అంది.

“కుడిదే.”

“పక్కన నడిచేటప్పుడు నా మీద వేసే చెయ్యి కుడిదే.”

నేను పర్సు కుర్చీలో పెట్టాను.

“ఆరేళ్ళు వేశాడు. నాకు తెలియలేదు.” ఆమె చెయ్యి దించింది. “నేను అక్కడ కూర్చుని నవ్వాను అత్తయ్యా. మీకు లెక్క రాదని నవ్వాను.”

“దానికేమిలే.”

“ఆయనే మిమ్మల్ని చెప్పొద్దన్నాడా?”

“ఎవరితోనూ వద్దన్నాడు. పద్నాలుగేళ్ళప్పుడు.”

“పోయాక కూడా వద్దన్నాడా?”

పదకొండు నెలలు. ఈ పదకొండు నెలల్లో మేమిద్దరం ఎన్ని సాయంత్రాలు ఎదురుబదురుగా కూర్చున్నాం. వాడి గురించి చెప్పుకోవడానికి మాటలు లేవని ఇద్దరం ఊరుకున్నాం. నా దగ్గర ఈ మాట ఉంది. నేను ఇవ్వలేదు. అది ఒక్కటే పూర్తిగా నాది అనుకున్నాను.

“చెప్పాను కదా ఇప్పుడు,” అన్నాను. “ఇంక ఎందుకమ్మా వెళ్ళడం? లోపలికి రా. పెట్టె నేను తెస్తాను.”

“ఇప్పుడు ఎందుకు చెప్పారు?”

“ఎందుకంటే, నువ్వు వెళ్ళిపోతున్నావు గనక.”

“అవును,” అంది. “నేను ఉండిపోవాలని చెప్పారు. నాకు తెలియాలని కాదు.”

ఆమె అన్నయ్య పెట్టె ఎత్తాడు. ఆమె నా కాళ్ళ వైపు ఒకసారి చూసింది, నా ముఖం వైపు చూడలేదు. స్వెట్టరు సంచి భుజానికి తగిలించుకుంది.

“ఎన్నాళ్ళకి వస్తావు?” అన్నాను గుమ్మంలోనే.

“తెలియదత్తయ్యా. అన్నయ్య వాళ్ళింట్లో తెలియకుండా నవ్వే పని ఉండదు కదా, కొన్నాళ్ళు ఊరికే ఉంటాను.”

కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. మా అమ్మాయి బయటికి రాలేదు. లోపలికి వచ్చి చూస్తే అది మా అబ్బాయి గదిలో ఉంది.

బీరువా రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి. వాడి చొక్కాలన్నీ మంచం మీద వేసింది. ఒక్కో చొక్కాను భుజాల దగ్గర పట్టుకుని నిలువునా మడుస్తోంది. చెయ్యి మీద చెయ్యి వేస్తోంది. చూస్తోంది. పక్కన పెట్టి ఇంకోటి తీస్తోంది.

తెల్లది, గళ్ళది, ఆఫీసు చొక్కాలు. వాడు ఎప్పుడూ మోచేతుల దాకా మడుచుకుని తిరిగిన చొక్కాలు.

“అన్నీ ఇంతే,” అంది నా వైపు తిరక్కుండా.

“ఊ.”

“అన్నిటికీ కుడి చెయ్యి తక్కువే. కొన్నవి కావు ఇవి, కుట్టించినవి.”

“వాడికి కొన్నవి సరిపోయేవి కావు.”

“అంటే దర్జీకి తెలుసు.”

నేను మంచం అంచున కూర్చున్నాను.

“దర్జీకి తెలుసు,” అంది మళ్ళీ. “ఇరవై ఏళ్ళు దర్జీకి తెలుసు. నాకు తెలియదు. వాడు గోడ మీద నుంచి పడ్డప్పుడు లేవదీసింది నేనమ్మా. నువ్వు పాఠం పూర్తిచేసి వచ్చావు. ఆ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను నువ్వొచ్చేదాకా.”

“వాడే వద్దన్నాడే.”

“ఎవరికి వద్దన్నాడు? నాకు చెప్పొద్దన్నాడా?”

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు నా దగ్గర ఉంది. అది చెప్పకూడని జవాబు. చెప్పకుండా ఉండడం వల్ల ఈ మధ్యాహ్నం ఏం జరిగిందో చూసిన తర్వాత కూడా, నేను చెప్పలేదు.

మా అమ్మాయి కాసేపు నా ముఖంలోకి చూసింది. అది నాలా కాదు, ముఖాలు చదవగలదు.

చొక్కాలు మడవడం మొదలుపెట్టింది. బీరువాలో పెట్టడానికి కాదు. తన సూట్‌కేసు మంచం మీదికి లాగి, అందులో ఒకదాని మీద ఒకటి పేర్చుతోంది. తెల్లది పెట్టింది. గళ్ళది పెట్టింది.

“ఒక్కటి ఉంచవే,” అన్నాను.

అది చేతులాపి, మంచం మీద మిగిలిన చొక్కాల వంక చూసింది.

“ఏది ఉంచమంటావో నువ్వే చెప్పు,” అంది. “నీ ఇష్టం. కాకపోతే ఈసారి ఎందుకో కూడా చెప్పాలి.”